20 కుట్లతో మొదలుపెడితే 26 అయ్యాయి: నిట్, పర్ల్ నేర్చుకుంటున్నాను, కాస్త చూసి చెప్పండి

లెక్కలమనిషి:

అందరికీ నమస్కారం. ఊలు అల్లడం కొత్తగా మొదలుపెట్టాను. పక్కన కూర్చుని నేర్పేవాళ్లెవరూ లేరు, వీడియోలే గురువులు. కాస్ట్ ఆన్, అంటే మొదటి కుట్లు సూదికి ఎక్కించడం, వచ్చింది. అల్లికలో మామూలు కుట్టు, అదే నిట్, కూడా వచ్చిందనే అనుకుంటున్నాను. తిప్పలన్నీ ఆ తర్వాతే.

ముందు పెద్ద సమస్య చెప్తాను. 20 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్టే అల్లుకుంటూ పోయాను. ముక్క అరచేయంత అయ్యాక లెక్కపెడితే 26 ఉన్నాయి. కింద సన్నగా ఉంది, పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. నేను కావాలని ఒక్క కుట్టు కూడా కలపలేదు. నాది ఆడిటింగు ఉద్యోగం. లెక్కలో ఆరు తేడా వస్తే అది ఎక్కడ దూరిందో తేలేదాకా కుర్చీలోంచి లేవను. ఈ ఆరు కుట్లు ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు తెలియాలి.

తర్వాత పర్ల్, అంటే నిట్‌కి తిరగేసిన కుట్టు. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ అల్లితే ముందువైపు నీటుగా ఇంగ్లిష్ వి అక్షరాలు రావాలి కదా? నాకు ఒక వరుసలో బాగానే వస్తున్నాయి, దాని పై వరుసలో వి కాళ్లు మెలిక పడ్డట్టు కనిపిస్తున్నాయి. మళ్లీ ఒకటి బాగుంటుంది, మళ్లీ ఒకటి మెలిక. పైగా పర్ల్ తర్వాత నిట్ వరుసకి వస్తే సూది దూరనంత బిగుతు. ఆ ముక్క అంచులు చుట్టుకుపోతున్నాయి కూడా. రాత్రంతా బరువు పెట్టి ఉంచినా, తీయగానే మళ్లీ చుట్టుకుంటోంది.

ఇంకోటి. ఒక వీడియోలో దారం కుడిచేత్తో పట్టుకుంటారు, ఇంకో దాంట్లో ఎడమచేత్తో. ఏది నేర్చుకోవాలి?

నా దగ్గరున్నవి 3.5 మి.మీ. స్టీలు సూదులు, కాస్త నూగున్న నల్ల ఊలు. ఎవరో ఇచ్చారు, వాడేస్తున్నాను. "ఓపిక పట్టండి, అదే వస్తుంది" అని మాత్రం చెప్పకండి. ఓపిక చాలా ఉంది, కారణం కావాలి.

పచ్చఊలు:

కారణాలు పెద్దవాళ్లు చెప్తారు గానీ, ముందు ఆ నల్ల ఊలు పక్కన పెట్టండి. నల్ల రంగులో కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చాన్నాళ్లుగా అల్లేవాళ్లకే కనబడదు. నూగు ఉంటే ఇంకా కష్టం, విప్పేటప్పుడు ఒకదానికొకటి అంటుకుపోతాయి. లేత రంగు, నున్నటి దారం, ఒక మాదిరి లావున్నది తీసుకోండి. ఊలు ఉండకి చుట్టిన కాగితం మీద ఎన్ని మి.మీ. సూది వాడాలో వేసి ఉంటుంది. 4.5 గానీ 5 గానీ ఉన్నది చూసుకోండి. సూదులు చెక్కవో వెదురువో అయితే నయం, కుట్లు జారవు. స్టీలు మీద సర్రున జారిపోతాయి. వేగం వచ్చాక అదే కావాల్సి వస్తుంది, ఇప్పుడు కాదు.

సూదిమొన:

లెక్కలమనిషి గారూ, మీ ప్రశ్న నచ్చింది. కుట్లు వాటంతటవే పుట్టవు. కొత్తవాళ్ల చేతిలో అవి పెరిగే దారులు ముఖ్యంగా మూడు, ఒక్కొక్కటీ ముక్క మీద ఒక్కో రకం గుర్తు వదిలి పోతుంది. అందుకే తొందరపడి విప్పేయకండి. ముక్కని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి.

మధ్యలో ఎక్కడా చిల్లులు లేకుండా, పక్క అంచులు మాత్రం ఏటవాలుగా బయటికి జరుగుతుంటే తప్పు వరుస మొదట్లోనే ఉంది. మీరు అన్నీ నిట్ వరుసలే అల్లారు కాబట్టి నా అనుమానం దీని మీదే. వరుస అయిపోయి సూదులు చేతులు మార్చుకున్నప్పుడు దారం మీ వైపు, మొదటి కుట్టు దగ్గర వేలాడుతూ ఉంటుంది. నిట్ అల్లాలంటే అది వెనక్కి పోవాలి. ఇక్కడ చాలామంది దారాన్ని సూది మీదుగా ఎత్తి వెనక్కి లాగేస్తారు. లాగగానే ఆ మొదటి కుట్టు కింది వరుసతో సహా పైకి లేస్తుంది, దాని రెండు కాళ్లూ సూది మీదికెక్కి రెండు కుట్లలా కనబడతాయి. చూసేవాడు పాపం రెండూ విడివిడిగా అల్లేస్తాడు. వరుసకొకటి పెరిగింది, మీకు తెలియనే తెలియదు. దారాన్ని సూది కింద నుంచి వెనక్కి పోనివ్వండి. మొదటి కుట్టు కింద ముక్కని వేలితో కాస్త కిందికి లాగి, అక్కడున్నది ఒకటే అని చూసుకున్నాకే సూది గుచ్చండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమందికి పెరుగుడు ఈ ఒక్క అలవాటుతోనే ఆగిపోయింది.

మధ్యలో గుండ్రటి చిల్లులు కనబడితే, దారం పొరపాటున సూది మీదుగా ఒక చుట్టు తిరిగిందన్నమాట. తర్వాతి వరుసలో ఆ చుట్టుని కుట్టనుకుని అల్లేస్తాం. ఒకే వరుసలో నిట్ నుంచి పర్ల్‌కి, పర్ల్ నుంచి నిట్‌కి మారేటప్పుడు ఇది ఎక్కువ. దారం రెండు సూదుల మధ్య నుంచి ముందుకో వెనక్కో పోవాలి, సూది మీదుగా కాదు. లేసు పనిలో ఇదే చుట్టుని కావాలని వేస్తారు, అందం కోసం.

మూడోది, ఒకే కుట్టులోంచి రెండు సన్నటి పోగులు పైకి వస్తే, సూదిమొన దారాన్ని చీల్చి పేటల మధ్య దూరిందని. పచ్చఊలు గారు చెప్పినట్టు దారం మారిస్తే సగం పోతుంది.

వరుస మధ్యలో అల్లిక ఆపి లేచారా? తిరిగి కూర్చున్నప్పుడు ఉండ నుంచి వచ్చే దారం కుడిచేతి సూది మీది కుట్టు నుంచి వేలాడాలి. ఎడమవైపు ఉంటే తిరగేసి పట్టుకున్నట్టే. వరుస పూర్తి చేసి లేవడమే సుఖం.

ఇక పర్ల్. ఇది రెండో కుట్టని అందరూ నేర్పుతారు, నాకు ఆ పద్ధతి నచ్చదు. నిట్ వెనక్కి తిప్పి చూడండి, అదే పర్ల్. నిట్‌లో కొత్త లూపుని పాత లూపులోంచి మన వైపుకి లాగుతాం. పర్ల్‌లో అదే లూపుని అవతలికి నెడతాం. ముందు నుంచి వి, వెనక నుంచి అడ్డంగా చిన్న బొడిపె. ఇది కంటికి పట్టిందంటే మీకు ఏ వరుసలో ఉన్నారో గుర్తుపెట్టుకునే పనే ఉండదు, సూది కింద ఉన్నదే చెప్తుంది. వి కనబడితే మీ వైపు నిట్, బొడిపె కనబడితే పర్ల్.

మీ మెలిక సంగతి. సూది మీద కుట్టు గుర్రమెక్కిన మనిషిలా కూర్చుంటుంది, ఒక కాలు మీ వైపు, ఒక కాలు అవతల. మామూలు పద్ధతిలో మీ వైపున్నది కుడికాలు అయి ఉండాలి, అంటే సూదిమొనకి దగ్గరగా ఉండే కాలు. పర్ల్‌లో దారాన్ని కుడి సూదికి పై నుంచి చుట్టి కిందికి దించితే కుట్టు అలాగే కూర్చుంటుంది. చాలామందికి కింద నుంచి పైకి చుట్టడం తేలిక, చెయ్యి దానంతటదే అటు పోతుంది. అలా చుడితే ఎడమకాలు ముందుకొచ్చి కూర్చుంటుంది. తర్వాతి నిట్ వరుసలో అలవాటుగా ముందు కాలులోనే సూది గుచ్చుతారు, రెండు కాళ్లూ మెలిక పడి ముడుచుకుంటాయి. అందుకే మీకు సూది దూరడం లేదు, అందుకే ఒక వరుస విడిచి ఒక వరుసలో మెలిక.

పర్ల్ వరుస అల్లి ఆపండి. సూదిని మీ వైపు తిప్పుకుని ఒక్కో కుట్టు ఏ కాలు ముందు పెట్టుకుని కూర్చుందో చూడండి. నేను చెప్పింది నిజమో కాదో మీకే తెలిసిపోతుంది.

పాతబీరువా:

సూదిమొన గారు చెప్పినదానికి చిన్న తోక. పర్ల్ అందరికీ ఎందుకు కొరుకుడు పడదో నాకు ఒక ఊహ ఉంది: నిజంగా దాని అవసరం తక్కువ. గుండ్రంగా అల్లే వృత్తాకార సూదుల (తీగతో కలిపిన రెండు మొనల) మీద ముక్క ఎప్పుడూ ముందువైపే మీకు ఎదురుగా ఉంటుంది, నిట్ ఒక్కటే అల్లుకుంటూ పోతే చాలు, బయటికి అన్నీ వి లే. ఈజిప్టులో దొరికిన పాత నూలు మేజోళ్లు అలా గుండ్రంగా అల్లినవే. 1562లో చనిపోయిన ఫ్లోరెన్స్ రాజకుటుంబపు ఎలియొనోరా డి టొలెడోని పట్టు మేజోళ్లతో ఖననం చేశారు. పర్ల్ కుట్టు కనబడే తొలి నమూనాల్లో వాటిని చూపిస్తారు. అక్కడ పర్ల్ వాడింది అలంకారానికి. 1589లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం కనిపెట్టేసరికి చేతి అల్లికవాళ్లు చాలా దూరం వచ్చేశారు.

అంటే పర్ల్ నేర్చుకోవద్దని కాదు. అది రాకపోతే రిబ్, అంటే నిలువు గీతలతో సాగే అల్లిక, లేదు, రిబ్ లేకపోతే స్వెట్టర్ అడుగు అంచు, చేతుల అంచు నిలబడవు. మనసు విరిగిన రోజు మాత్రం గుండ్రంగా ఒక టోపీ మొదలుపెట్టుకోండి.

ఎడంచేయి:

కుడిచేతిలో దారం పట్టుకునే పద్ధతిని ఇంగ్లిష్ పద్ధతి అంటారు, ఎడమచేతిలో పట్టుకునేదాన్ని కాంటినెంటల్ అంటారు. రెండింటిలోనూ తయారయ్యే కుట్టు ఒకటే. నిట్ వరకు కాంటినెంటల్ వేగం, దారాన్ని సూదితో అందుకుంటే చాలు. పర్ల్ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి అదే గుదిబండ. క్రోషే (ఒకే కొక్కెం సూదితో అల్లడం) వచ్చినవాళ్లకు ఎడమచేతిలో దారం అప్పటికే అలవాటు, వాళ్లు అటే పోవడం మంచిది.

ఒకటి చెప్పాలి. మీరు చూస్తున్న వీడియోల్లో ఒకరు నిట్ ఒక పద్ధతిలో, ఇంకొకరు పర్ల్ ఇంకో పద్ధతిలో చూపిస్తుంటే, రెండూ కలిపి నేర్చుకుంటారు, మెలికలు అక్కడే మొదలవుతాయి. ఒక మనిషిని పట్టుకుని నిట్, పర్ల్ రెండూ వాళ్ల దగ్గరే పూర్తి చేయండి.

సూదిమొన గారు పర్ల్ కింద నుంచి చుట్టడం తప్పని చెప్పలేదు, కానీ చదివేవాళ్లకి అలా అనిపించొచ్చు. నేను ఇన్నేళ్లుగా అలాగే చుడతాను. తర్వాతి నిట్ వరుసలో వెనక కాలులో గుచ్చుతాను, మెలిక విడిపోతుంది. దీన్ని కాంబినేషన్ పద్ధతి అంటారు. బిగుతు సమానంగా వస్తుంది కూడా. కాకపోతే డిజైన్లలో కుట్లు తగ్గించే చోట ఎడమకి వాలేవి, కుడికి వాలేవి తారుమారవుతాయి, అది చూసుకోవాలి.

సూదిమొన:

ఒప్పుకుంటాను. ఏ కాలు ముందుందో చూసి అందులోనే గుచ్చేవాళ్లకి ఏ పద్ధతైనా చెల్లుతుంది. కానీ కొత్తలో పై నుంచే చుట్టమంటాను, డిజైన్లు రాసేవాళ్లు ఎక్కువమంది కుట్టు అలా కూర్చుంటుందనుకునే రాస్తారు.

లెక్కలమనిషి:

దొరికింది! ముక్కని కిటికీకి ఎదురుగా పెట్టి చూశాను. రెండు అంచుల్లోనూ ఏటవాలు, మధ్యలో ఒకే ఒక్క చిల్లు. అంటే ఐదు అంచుల్లో పుట్టాయి, ఒకటి సూది మీదుగా పడిన చుట్టు. లెక్క సరిపోయింది. ఐదూ ఒకటీ ఆరు. ఇంత సంతోషం ఈమధ్య ఏ బ్యాలెన్స్ షీటూ ఇవ్వలేదు.

పర్ల్ సంగతి కూడా మీరన్నట్టే. కింద నుంచి చుడుతున్నాను. చెయ్యి మాట వినడం లేదు గానీ కళ్లకి మాత్రం తెలుస్తోంది, తప్పు కాలు ముందుంటే వెనక కాలులో గుచ్చి దాటుతున్నాను. ఎడంచేయి గారి మాట అనుకోకుండా పనికొచ్చింది. లేత బూడిద రంగు ఊలు, 5 మి.మీ. వెదురు సూదులు తెచ్చుకున్నాను, బిగుతు కూడా బాగా తగ్గింది.

చుట్టుకుపోవడం మాత్రం అలాగే ఉంది. మెలికలు తీసేశాక ఇంకా నీటుగా చుట్టుకుంటోంది! ఇంకోటి, నిన్న ఒక కుట్టు సూది నుంచి జారి నిచ్చెనలా నాలుగు వరుసలు కిందికి దిగింది. కంగారుపడి మొత్తం విప్పేశాను. విప్పకుండా పట్టుకునే ఉపాయం ఏమైనా ఉందా?

సూదిమొన:

చుట్టుకోవడంలో మీ తప్పేమీ లేదు. ఒకవైపు నిట్, ఒకవైపు పర్ల్ ఉండే ఆ అల్లికని స్టాకినెట్ అంటారు, దాని స్వభావమే అది. ప్రతి లూపూ వంచిన దారం, తిన్నగా అవ్వాలని చూస్తుంది. ముందు అన్నీ ఒక రకం, వెనక అన్నీ ఇంకో రకం ఉండేసరికి ఆ లాగుడు రెండు వైపులా సమానంగా ఉండదు. పై అంచు, కింది అంచు ముందుకి చుట్టుకుంటాయి, పక్క అంచులు వెనక్కి. మీ ముక్క చూడండి, ఇలాగే ఉంటుంది. బరువు పెడితే ఎందుకు పోతుంది?

నిట్, పర్ల్ రెండూ రెండు వైపులా కలిసిన అల్లికలు చుట్టుకోవు. మీరు మొదట అల్లిన అన్నీ నిట్ వరుసల ముక్క, అదే గార్టర్, బల్లపరుపుగా పడుకునే ఉంటుంది. కాబట్టి స్టాకినెట్‌కి నాలుగు పక్కలా గార్టర్ అంచు కట్టండి. పక్కల మూడు నాలుగు కుట్లు ఎప్పుడూ నిట్టే, మొదట్లో చివర్లో ఓ ఆరు వరుసలు అన్నీ నిట్. మామూలు మఫ్లర్‌కి ఇది చాలు. ఒక నిట్ ఒక పర్ల్ వేసుకుంటూ, తర్వాతి వరుసలో వి మీద పర్ల్, బొడిపె మీద నిట్ వేస్తే మాస్ కుట్టు. అదీ చుట్టుకోదు, ముట్టుకుంటే గరుకుగా బాగుంటుంది. అదే వి మీద నిట్, బొడిపె మీద పర్ల్ వేస్తే నిలువు గీతలతో సాగే రిబ్. చూశారా, ఈ రెంటికీ తేడా కింద ఉన్నదాన్ని ఒప్పుకోవడమా, ఎదిరించడమా అన్నదే.

జారిన కుట్టుకి క్రోషే సూది ఒకటి దగ్గర పెట్టుకోండి. వి కనబడే వైపు మీకు ఎదురుగా పెట్టుకుని, జారిన లూపులో ముందు నుంచి క్రోషే సూది గుచ్చండి. దాని పైన నిచ్చెన మెట్లు కనబడతాయి. అన్నిటికన్నా కింది మెట్టుని పట్టుకుని లూపులోంచి మీ వైపుకి లాగండి. అది కొత్త లూపు. మళ్లీ దాని పై మెట్టు, మళ్లీ పైది, మెట్టు దాటవేయకుండా. పైకి చేరాక సూది మీద పెట్టేటప్పుడు కుడికాలు మీ వైపు ఉండేలా పెట్టండి. గార్టర్‌లో జారితే ఒక మెట్టు ముందు నుంచి, తర్వాతిది వెనక నుంచి లాగాలి, అది కాస్త విసుగు పని.

రేపు ఒక పాత ముక్క తీసుకుని మధ్యలో ఒక కుట్టుని మీరే కావాలని జార్చండి. ఆరేడు వరుసలు దిగనిచ్చి ఎక్కించండి. ఉన్ని దారమైతే జారిన కుట్టు అంత తొందరగా దిగదని కూడా మీకే తెలుస్తుంది, ఆ కంగారు ఉండదు. నున్నటి సిల్కు లాంటి దారాలే గబగబా దిగుతాయి.

పచ్చఊలు:

ఇంకా భయంగా ఉంటే ఒక సన్నటి వేరే రంగు దారాన్ని మొద్దు సూదికి ఎక్కించి, సరిగ్గా ఉన్న వరుసలోని కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేయండి. పైన ఏం తప్పు జరిగినా విప్పుకుంటూ వచ్చి ఆ దారం దగ్గర ఆగుతారు, కుట్లన్నీ అక్కడే పట్టుకుని ఉంటాయి. పని అయ్యాక లాగేస్తే వచ్చేస్తుంది.

లెక్కలమనిషి:

ఆ సన్న దారం ఉపాయం నాకోసమే పుట్టినట్టుంది. ప్రతి పది వరుసలకీ ఒకటి వేస్తాను, ఎవరు నవ్వినా సరే.

చివరిగా ఒక్కటి. ఒక ముక్క పూర్తి చేసి బైండాఫ్ చేశాను, అంటే కుట్లు మూసి సూది నుంచి దించాను. పై అంచు దగ్గరికి గుంజుకుపోయింది, ముక్క గంట ఆకారంలో తయారైంది. కింద బాగుంది. లెక్క చూశాను, 24 ఎక్కించాను, 24 ముగించాను.

సూదిమొన:

లెక్క తప్పలేదు, బిగువు ఎక్కువైంది. రెండు కుట్లు నిట్ అల్లి మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించేటప్పుడు, దాటించాక దారాన్ని గుంజుతున్నారు. గుంజకండి. చెయ్యి వినకపోతే ఆ ఒక్క వరుసకీ కుడిచేతిలో 6 మి.మీ. సూది పెట్టుకోండి. ఆ బైండాఫ్ వరకు విప్పి మళ్లీ చేయండి, మిగతా ముక్క జోలికి పోవద్దు. దారం చివర పట్టి లాగే ముందు చివరి లూపుని వదులు చేసి, తోకని అందులోంచి బయటికి తీయండి, లేకపోతే ముడి పడి విప్పడం రాదు.